నాలుగు వందల ఏండ్ల ఆల్చిప్ప

కనేరి, భివండి
జూన్ 2008

నా బంగారు దీపాలికి,

మరమగ్గాల సాంచల చప్పుడు తిన్న చెవులకు ఫోన్‌లో ముక్క ఎక్కదు. అందుకే ఉత్తరం. గోవాలో నువ్వు సముద్రపు జీవాల మీద చదువుతున్నావంటే నా బామ్మర్ది నాగయ్య నవ్వాడు. "చేపలమ్ముకునేటందుకు గింత సదువెందుకు బావా?" అన్నాడు. ఇక వాడి గడప తొక్కను.

నాలుగు వందల ఏండ్లు బతికిన ఆల్చిప్ప ఉందని నీ బాపమ్మతో చెప్పావట. ఎట్ల బతికిందో రాయి. ఇక్కడ ఒకరికి మెట్లెక్కితే ఆయాసం. ఎవరని అడగకు. మందుంటే పంపు.

నీ తాత
లక్ష్మీనర్సయ్య

గోవా
జులై 2008

ప్రియమైన తాతా,

మందు లేదు. మన ఒంట్లో ప్రతి కణంలో మైటోకాండ్రియా అని చిన్న చిన్న పొయ్యిలుంటాయి. తిన్నదాన్ని కాల్చి బలమిస్తాయి. కాల్చేటప్పుడు లేచే పొగలాంటిది ఆ పొయ్యినే పాడుచేస్తుంది. ముసలితనానికి అదొక కారణమంటారు. ఐస్‌లాండ్ దగ్గర చల్లటి నీళ్లలో దొరికిన ఆ ఆల్చిప్ప పొయ్యిల్లో పొగ తక్కువేమోనని మా అనుమానం. పైగా అది బురదలో దూరి, మూత బిగించుకుని, రోజుల తరబడి కదలదు.

ఆయాసం నీకే కదా? డాక్టర్ దగ్గరికి వెళ్లు.

నీ మొండితనమే వచ్చిన
దీపాలి

కనేరి
ఆగస్టు 2008

దీపాలీ, బిడ్డా,

నాకేం రోగం? ఇప్పటికీ ఆరు సాంచలు నడుపుతున్నాను. ఆయాసం మీ బాపమ్మది. చెప్పొద్దని ఒట్టు పెట్టించుకుంది. నువ్వు నన్ను రోగిష్టిని చేశావు కాబట్టి చెప్తున్నాను. గుండె బలహీనమని డాక్టర్ గోళీలిచ్చాడు.

దారి నీ ఉత్తరంలోనే దొరికింది. ఆల్చిప్ప కదలదు కదా. మీ బాపమ్మ నూలు కండెలు చుట్టే రాట్నం తీసుకుపోయి నాగయ్య ఇంట్లో పెట్టాను. గడప తొక్కక తప్పలేదు. నీళ్లు నేనే పడుతున్నాను, వంట నేనే చేస్తున్నాను. ఆమెను మంచం దిగనివ్వడం లేదు. "నేనేమన్న పీనుగనా?" అని తిట్టింది. తిట్టనీ అనుకున్నాను. సాంచ వేడెక్కితే మోటార్ ఆపమా?

ఇరవై రోజులైంది. ఇప్పుడు తిట్టడం కూడా మానేసింది. అది మంచికేనా? వెంటనే రాయి.

తాత

గోవా
ఆగస్టు 2008

తాతా,

మంచికి కాదు. మనిషి ఆల్చిప్ప కాదు. కదలకుండా పడుకుంటే మన కండల్లో పొయ్యిలు తగ్గిపోతాయి. నడిస్తే కొత్తవి పుడతాయి. డాక్టర్‌ను అడుగు, ఆయన చెప్పినంత నడిపించు. ఆ ఆల్చిప్పను పట్టి తెచ్చినవాళ్లకు దాని వయసు తెలియదు. చచ్చాకే గుల్ల మీది గీతలు లెక్కపెట్టారు. నువ్వు ఆలస్యం చేయకు.

భయపడుతున్న
దీపాలి

కనేరి
సెప్టెంబర్ 2008

నా తల్లీ దీపాలీ,

డాక్టర్ నన్ను మొహం మీదే కడిగేశాడు. ఇంకో నెల పండబెడితే కాళ్లు పనిచేసేవి కావన్నాడు. మాట్లాడుతూ నడిచేంత మెల్లగా నడిపించమన్నాడు. మొదటి రోజు గల్లీ చివర టీ బండి దగ్గరే కూలబడింది. నిన్న ధామన్కర్ నాకా చౌరస్తా దాకా వచ్చింది.

అక్కడ అడిగాను, "తిట్టుడెందుకు మానినవే? పానం మీదికొచ్చిందని బుగులైంది" అని.

"పెండ్లయినంక నువ్వు నాకు వండిపెట్టుడు గిదే మొదలు. తిడితె ఆపుతవేమోనని ఊకున్న" అంది.

రోడ్డు దాటించే వంకతో చెయ్యి పట్టుకున్నాను. దాటాక విడవలేదు.

ఇది ఎవరితో అనకు.

నీ తాత
లక్ష్మీనర్సయ్య