కొలను కిందికి వచ్చిన నీళ్ళు

ప్రియమైన ఎరాందీ,

మొరేలియా నగరంలో, ఆ ప్రయోగశాల హడావిడిలో, అక్కనొకదాన్ని ఉన్నానని గుర్తుందా? మన స్నానాల కొలను బాగా వేడెక్కింది. బుడగలూ ఎక్కువయ్యాయి. "గంధకం ముదిరింది, కీళ్ళనొప్పులకి ఇంకా మంచిది" అని వచ్చినవాళ్ళు సంబరపడుతున్నారు. ఒక సీసా నీళ్ళు పంపుతున్నాను, చూసి చెప్పు. ఈస్టర్ ముందు పవిత్ర వారానికి జనం విరగబడతారు.

నీ మీద బెంగతో,
తొమాసా

అక్కా,

ఇన్నాళ్ళూ మన కొలనులో ఉన్నది వాననీరే. కింది నుంచి వచ్చే ఆవిరి దాన్ని కాచేది. ఆ ఆవిరిలోని కుళ్ళిన గుడ్డు వాసన వేసే వాయువు గాలి తగిలి ఆమ్లంగా మారేది, రాతిని తినేసి తెల్లటి బంకమట్టి చేసేది. అలాంటి నీళ్ళలో ఉప్పు దాదాపుగా ఉండదు. నువ్వు పంపినదాంట్లో బోలెడు ఉంది. అంటే కొండ లోతుల్లో మరిగే నీరే పైకి తన్నుకొస్తోంది. అది ఒక్కసారిగా ఆవిరైతే నేల పేలిపోతుంది. పేలి తీరుతుందని చెప్పలేను. పేలదని అసలే చెప్పలేను. గేటు మూసెయ్యి అక్కా, నీకు దణ్ణం పెడతాను.

నీ చెల్లెలు,
ఎరాందీ

ఎరాందీ,

మూయను. ఊరంతా ఏడాది పొడుగునా చూసేది ఈ వారం కోసమే. నాన్న పోయాక నిన్ను చదివించింది కూడా ఈ కొలనే. పుస్తకాల పిల్లవి, సీసాలో చూసి కొండ సంగతి చెప్తావా?

తొమాసా

నా బంగారు ఎరాందీ,

ముందు ఇది విను: అందరం క్షేమం.

ఆ ఉత్తరం పోస్టులో వేసి వస్తుంటే ట్రక్కు నడిపే ఇలారియో ఎదురయ్యాడు. నీ మాట చెప్పాను. "పుస్తకాల పిల్ల! దానికేం తెలుసు కొండ గురించి?" అని పకపకా నవ్వాడు. నేను రాసిన మాటే! అతని నోట వినేసరికి ఒళ్ళు మండిపోయింది. "మా చెల్లిని అనడానికి నువ్వెవడివిరా?" అని, నేరుగా వెళ్ళి గేటుకు గొలుసు వేశాను. జనం తిట్టారు. కదల్లేదు.

శుక్రవారం మధ్యాహ్నం కొలను పేలింది. బురద పైన్ చెట్లను దాటి ఎగిరింది. బట్టలు మార్చుకునే గదుల కప్పులు ఎగిరిపడ్డ రాళ్ళకి కూలిపోయాయి. లోపల పిట్ట కూడా లేదు. ఇలారియో టోపీ తీసి చేతిలో పట్టుకుని, "ఆవిడ ఎప్పుడొస్తారు?" అన్నాడు. ఆవిడట!

ఇప్పుడక్కడ పెద్ద గుంట. నీలంగా, అడుగుదాకా కనిపించే నీళ్ళు సలసలా మరుగుతున్నాయి. అంచుల్లో అప్పుడే బూడిదరంగు రాతి పెచ్చు కడుతోంది. దూరం నుంచే చూశాను. భయం వేసింది, కళ్ళు మాత్రం తిప్పుకోలేకపోయాను. నువ్వు ఇన్నేళ్ళూ దేని వెంట పడ్డావో నాకిప్పుడు తెలిసింది.

రా. ఎంత దూరంలో నిలబడాలో చెప్పు. ఇద్దరం చూద్దాం.

నిన్ను చూసి మురిసిపోతూ,
అక్క