ప్రార్థన మందిరానికి వెళ్లిన కెటిల్

బెర్గెన్, మార్చి 3

ప్రియమైన చెల్లి ఓస్లౌగ్‌కు,

ప్రభువు కృప వల్ల ఇక్కడ కులాసా. ప్రయోగశాలలో పని ఎక్కువగా ఉంది. ఆడవాళ్ల హార్మోన్లు కణాల్లోని క్రోమోజోములను కాపాడతాయా, చెదరగొడతాయా అన్నదే మా మర్గిట్ మేడమ్ పరిశోధన. నువ్వూ రక్తం ఇచ్చావుగా. ఆ కణాలను గాజు పలకల మీద చుక్కలుగా వేసి, ఒక్కో కణంలో ఉండాల్సిన నలభై ఆరు క్రోమోజోములూ ఉన్నాయా అని లెక్కపెట్టేది నేనే.

ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోకు. నీ అండాశయాలు తీసేశాక డాక్టరు ఒంటికి అంటించుకోమని ఇచ్చిన హార్మోన్ పట్టీ తప్పకుండా వేసుకోవాలా? ఊరికే అడిగాను.

నీ కోసం రోజూ ప్రార్థించే,
సిగ్నీ అక్క

మార్చి 9

అక్కా,

"ఊరికే" అని నువ్వు రాశాక నాకు నిద్ర ఎక్కడిది? అమ్మకు జబ్బు చేసినప్పుడూ ఇలాగే ఊరికే అడిగావు. పట్టీ పీకేశాను. నాలుగు రోజులుగా ఒళ్లంతా సెగలు. ఇంత చలిలో కిటికీ తెరిచి కూర్చుంటే మా ఆయన హోకున్, "పిండి కలిపి నీ పక్కన పెడితే రొట్టె పొంగుతుందే" అంటాడు. నవ్వాను, తర్వాత ఏడ్చాను. డాక్టరేమో, "నలభై రెండేళ్లకే ఎముకలు గుల్లవుతాయి, ఆపొద్దు" అంటాడు. ఎవరి మాట వినను? నా రక్తంలో ఏం చూశావు? చెప్పకపోతే పడవెక్కి వచ్చేస్తాను.

నీ ఓస్లౌగ్

మార్చి 14

ప్రియమైన చెల్లీ,

ముందు పట్టీ వేసుకో. వేసుకున్నాకే మిగతాది చదువు.

సీసాల మీద పేర్లుండవు, అంకెలే. కానీ మీ దీవి పడవలో వచ్చింది ఒక్కటే. ఎవరిదో ఆరా తీయకూడదని తెలిసీ తీశాను. ఒక కణంలో నలభై నాలుగు, ఇంకో దానిలో నలభై మూడు. ఆ హార్మోన్ పట్టీ వల్లేనేమో అనుకున్నాను. నోరు విప్పకూడదు, విప్పకుండా ఉండలేక సగం విప్పాను. అదే నా పాపం.

నీ ఉత్తరం పట్టుకుని మేడమ్ దగ్గరకెళ్లి అంతా ఒప్పుకున్నాను. ఆవిడ తిట్టలేదు. "ఆ రోజు చుక్కలు వేసేటప్పుడు కెటిల్ మరుగుతోందా, సిగ్నీ?" అని మాత్రం అడిగారు.

చలికాలం హీటర్లకు గది ఎండిపోతుంది. గాలి పొడిగా ఉంటే చుక్క గబుక్కున ఆరిపోయి, కణం సరిగ్గా విచ్చుకోక, క్రోమోజోములు ఒకదాని మీద ఒకటి పడి లెక్కకు అందవు. అందుకే పక్కన కెటిల్ పెట్టి ఆవిరి పట్టిస్తూ చుక్క వేస్తాం. ఆ రోజు కెటిల్ లేదు. మా ప్రార్థన మందిరంలో మిషన్ విరాళాల కోసం పెట్టిన సంతకు, కాఫీ కాయడానికి నేనే పట్టుకెళ్లాను!

మిగిలిన కణాలు ఫ్రీజర్‌లో ఉన్నాయి. కెటిల్ తెచ్చి మళ్లీ వేశాం. ఈసారి లెక్కపెట్టింది నేను కాదు, మేడమే. నలభై ఆరు. మళ్లీ నలభై ఆరు. హార్మోన్లు మేలో కీడో తేలాలంటే ఇంకా ఎంతోమంది రక్తం చూడాలట. నీ పలకలో మాత్రం బెంగపడేదేమీ లేదన్నారు. బల్ల మీద తల వాల్చి స్తోత్రం చెప్పుకున్నాను.

నన్ను క్షమించు.
నీ అక్క

మార్చి 19

అక్కా,

ముందు చదివేశాను, తర్వాతే పట్టీ వేసుకున్నాను. ఎప్పుడు నీ మాట విన్నాను గనక! సెగలు తగ్గుతున్నాయి. హోకున్ కిటికీ మూసేసి, "ఇక రొట్టెలకు పొయ్యి వెలిగించాల్సిందే" అని దిగులు నటిస్తున్నాడు.

ఈ పార్సిల్‌లో మా కొత్త కెటిల్ ఉంది. అది మందిరానికి. ప్రయోగశాలది మాత్రం ఉన్నచోటు నుంచి కదపకు.

కోపం లేని నీ చెల్లి,
ఓస్లౌగ్