తూర్పు వీధి బాణళ్ళు

సత్తువాచారి హాస్టలు, వేలూరు
జూలై

అత్తకు నమస్కారాలు. గౌతమి రాస్తున్నాను.

ఫోన్ చేస్తే నువ్వు స్పీకరు పెడతావు, నా సంగతులు పాలకేంద్రం దాకా వినిపిస్తాయి. అందుకే ఉత్తరం. బడిలో అంతా తమిళమే కదా, నువ్వు నేర్పిన తెలుగు అక్షరాలు నాకింకా వచ్చో రావో కూడా తేలిపోతుంది.

శిక్షణలో చేరాను. ఇంట్లో తమకన్నా ముందు ఎవరూ కాలేజీ గడప తొక్కని పిల్లల కోసం పెట్టిందిది. డిగ్రీలో ఉండగానే పరిశోధన నేర్పి, రేపు వైద్య పరిశోధనలో పీహెచ్‌డీకి పోయేలా తయారుచేస్తారు. ఇక్కడ అన్నిటికన్నా కష్టం ప్రశ్న అడగడం. మన బడిలో అడిగితే బెత్తం. ఇక్కడ అడక్కపోతే మా శిక్షణ చూసే కలైయరసి మేడమ్ ఒక చూపు చూస్తారు. బెత్తమే నయం.

నా ప్రాజెక్టు మన ఊళ్ళోనే. ఇనుప బాణలిలో కూర వండుకుంటే ఆడవాళ్ళకు రక్తం పెరుగుతుందా అన్నది చూడాలి. తూర్పు వీధిలో ఇంటికొక బాణలి ఇస్తాం. పడమర వీధికి ఇవ్వం, వాళ్ళు మామూలుగా వండుకుంటారు. ఇప్పుడొకసారి, నాలుగు నెలలయ్యాక ఒకసారి అందరి రక్తం పరీక్ష చేస్తాం. నువ్వు వార్డు మెంబరువి, నీ కన్ను ఉంటే నాకు ధైర్యం. చివర్లో మేడమ్ ల్యాబులో ఒకే ఒక్క చోటు ఇస్తారు. అది నాకు దక్కితే పీహెచ్‌డీకి దారి దొరికినట్టే.

నీ మేనకోడలు
గౌతమి

తా.క. బాణళ్ళు మా కాలేజీవి. జాగ్రత్తగా చూసుకోమని అందరికీ గట్టిగా చెప్పు. ఆఖర్న వచ్చి చూస్తాం.

---

గుడియాత్తం
జూలై

చి. గౌతమికి దీవెనలు. ఎవరిచేతా రాయించకుండా మీ అత్త చెంగమ్మ స్వయంగా రాస్తున్న ఉత్తరం.

నీ బాణళ్ళు చేరాయి. నర్సు వచ్చి అందరి వేళ్ళూ పొడిచి వెళ్ళింది. తూర్పు వీధిలో సంబరమే సంబరం. పడమర వీధివాళ్ళు మాత్రం నన్ను చూస్తే మొహం తిప్పుకుంటున్నారు. ఆ వీధి కుప్పుస్వామి మన అరుగు మీదికొచ్చి కూర్చుని, "ఏమ్మా చెంగమ్మా, పంక్తిలో ఒగ పక్కోళ్ళకి వడ్డించి, ఇంగో పక్కోళ్ళని చూస్తా కూసోమంటే ఎట్లమ్మా? మా నెత్తురు నెత్తురు గాదా?" అన్నాడు. మజ్జిగ ఇచ్చి పంపేశాను.

పంక్తిలో వలపక్షం చూపకూడదని మా అమ్మ చెప్పేది. పైగా మనది తూర్పు వీధి. మెంబరు తన వీధికే పంచుకుందని జోలార్పేటలో రైల్వే పని చేసే కుప్పుస్వామి కొడుకు దాకా కబురు పోయింది. వచ్చే ఏడాది ఎలక్షన్లు, మరిచిపోకు.

ఇట్లు
చెంగమ్మ, వార్డు మెంబరు

తా.క. పరీక్షలో తమ రక్తం పనికిరాదని తేలిందనీ, అందుకే వదిలేశారనీ పడమర వీధిలో పుకారు. కుప్పుస్వామి భార్య అప్పుడే నగలు కూతుళ్ళకు పంచేసింది.

తా.క. రెండు: నీ ఉత్తరంలో తప్పులు ఎర్ర సిరాతో దిద్ది వెనక్కి పంపుతున్నాను.

---

సత్తువాచారి
ఆగస్టు

అత్తా, నమస్కారాలు. నగలు వెనక్కి తీసుకోమని చెప్పు ముందు!

వాళ్ళ రక్తానికి ఏమీ కాలేదు. తక్కెడలో ఒక పక్క సరుకు పెడితే ఇంకో పక్క రాయి ఉండాలి కదా. పడమర వీధి లేకపోతే తూర్పు వీధి ఎంత మారిందో ఎలా చెప్పగలం? అసలు సాయం వాళ్ళదే. చివర్లో వాళ్ళకూ బాణళ్ళు ఇస్తాం. అప్పటిదాకా ఏమీ ఇవ్వకూడదు. దీని మీదే నా చోటు ఆధారపడి ఉంది, అత్తా.

నా స్నేహితురాలు మోనిషకు కూడా ఆ చోటే కావాలి. తను ఈగల మీద చేస్తోంది. ఈగలకు వార్డు మెంబరు లేదు, అదృష్టవంతురాలు.

గౌతమి

తా.క. గరిటె కూడా ఇవ్వకు.

తా.క. రెండు: ఆ రాయి మాట కుప్పుస్వామి మామ దగ్గర అనకు.

---

గుడియాత్తం
అక్టోబరు

చి. గౌతమికి దీవెనలు.

ఊరు ప్రశాంతంగా ఉంది. రెండు వీధులూ ప్రశాంతంగా ఉన్నాయి. కుప్పుస్వామి నాకు మళ్ళీ నమస్కారం పెడుతున్నాడు. ఎందుకని అడక్కు. మంచితనానికి కారణం ఉండాలా?

తూర్పు వీధిలో నీ బాణళ్ళను కళ్ళకద్దుకుని చూసుకుంటున్నారు. ఒక్కదానికీ గీత పడలేదు. మన పక్కింటి సురేఖ అయితే పాత చీర చుట్టి పెట్టింది. నువ్వు నిశ్చింతగా చదువుకో.

చెంగమ్మ

తా.క. ఊరికే అడుగుతున్నాను. ఎవరైనా పొరపాటున వేరే చోట కొన్న ఇనుప బాణలిలో వండుకుంటే, అది కూడా రక్తంలో తెలుస్తుందా? ఇది పక్కూరి సంగతి.

---

సత్తువాచారి
డిసెంబరు

అత్తా,

నేను క్షేమంగా లేను. పక్కూరి సంగతి అని నువ్వు రాసినప్పుడు నవ్వుకుని ఊరుకున్నాను. అప్పుడే బస్సెక్కి రావలసింది.

రెండో పరీక్ష లెక్కలు తేలాయి. బాణళ్ళు ఇచ్చిన తూర్పు వీధిలో రక్తం ఉన్నచోటే ఉంది. ఇవ్వని పడమర వీధిలో పెరిగింది. ఎందుకో నాకు తెలియలేదు. ఇనుప బాణలి వల్ల లాభం లేదని అందరి ముందూ చెప్పాను. మేడమ్ ఒక్కటే అడిగారు, ఒక్క వంటింట్లోకైనా వెళ్ళి చూశావా అని. "మా అత్త చూసుకుంటుంది" అన్నాను. హాలంతా నవ్వారు.

చోటు మోనిషకు ఇచ్చారు. పాపం, నన్ను పట్టుకుని తనే ఏడ్చింది. నాకు డిగ్రీ అయిపోతోంది కాబట్టి మళ్ళీ అర్జీ పెట్టే వీల్లేదు. గుడియాత్తంలో రక్తపరీక్షల సెంటరులో మనుషులు కావాలట. చేరిపోతాను.

నీ మీద కోపం లేదు. నర్సుతో సూదిని పంపాను, లెక్కలు తెప్పించుకున్నాను. ఎవరి పొయ్యి దగ్గరా కూర్చోలేదు. అదే బాధగా ఉంది.

గౌతమి

---

గుడియాత్తం
డిసెంబరు

నా తల్లీ,

నీ ఉత్తరం చదివి తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. ఇక దాచను. గుడియాత్తం సంతలో బాణళ్ళు కొని పడమర వీధిలో ఇంటికొకటి ఇచ్చింది నేనే. ఆగస్టులోనే ఇచ్చాను. నువ్వు గరిటె వద్దన్నావు కాబట్టి గరిటె ఇవ్వలేదు. సొంత వస్తువు కదా, వాళ్ళు పూటపూటా అందులోనే వేయించుకు తిన్నారు.

తూర్పు వీధి సంగతి ఇంకా ఘోరం. ఉత్తరం మడిచి తలెత్తితే, మన అటక మీద నీ బాణలి అంటించిన కాగితంతో సహా కనిపించింది. నేనే వండలేదు! సురేఖను అడిగితే, "మనది గాదు గదక్కా. రేపు డాక్టరమ్మ వచ్చి చూసేటప్పుడు మసి ఉంటే ఏమనుకుంటాది? ఎవురి సామాను వాళ్ళకి కొత్తగానే ఇయ్యాల" అంది. వీధి వీధంతా అదే మాట. జాగ్రత్తగా చూసుకోమని నువ్వే రాశావు, గట్టిగా చెప్పమన్నావు, నేను గట్టిగా చెప్పాను. వండమని మాత్రం ఇద్దరం చెప్పలేదు.

ఆ సాయంత్రమే ఇల్లిల్లూ తిరిగి, బాణళ్ళన్నీ అటకల మీంచి దింపించి, కాగితాలు గీకించి, నా ఎదుటే పొయ్యి మీద పెట్టించాను. మర్నాడు వేలూరు బస్సెక్కాను. నీకు చెప్పలేదు. నేరుగా కలైయరసి మేడమ్ గదికి వెళ్ళి అంతా చెప్పాను. ఇనుము పనిచేసింది కదమ్మా, వ్రతం చెడ్డా ఫలం దక్కింది, వీధుల పేర్లు అటూ ఇటూ మార్చుకోండి అన్నాను.

ఆవిడ, "ఆ బాణళ్ళు ఇంకా వాడకుండానే ఉన్నాయా? కాగితాలతోనే ఉన్నాయా? అయితే ఇవాళే మనిషిని పంపి ఫొటోలు తీయిస్తాను. ఎవరు వండారో ఎవరు వండలేదో దానికి అవే సాక్ష్యం. చోటు ఇచ్చే కమిటీని ఇంకోసారి అడుగుతాను" అంది.

గౌతమీ, మన వీధిలో ఇప్పుడు మసి పట్టని బాణలి లేదు.

ఆ మాట ఆవిడకు ఎలా చెప్పానో నాకే తెలియదు. ఆవిడ కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. "సాక్ష్యం లేకుండా నేను ఏమీ చెయ్యలేనమ్మా" అంది. మెట్లు దిగుతూ ఏడ్చాను. నీ దారికి అడ్డంగా పడింది నా ఎలక్షనూ, నా చేతి చలవా. నన్ను క్షమించు.

సెంటరులో చేరొద్దు. విరించిపురంలో మా చిన్నమ్మ కూతురు ఉంది. ఆ ఊళ్ళోనూ వీధులు రెండున్నాయి, బాణళ్ళ పని అక్కడ మళ్ళీ మొదలుపెట్టొచ్చు. మేడమ్‌తో అదీ చెప్పి వచ్చాను. సరే అనలేదు, వద్దనలేదు. ఊరి పేరు మాత్రం రాసుకుంది.

నీ అత్త
చెంగమ్మ

తా.క. ఈసారి నీ ఉత్తరంలో తప్పులు దిద్దలేదు. ఎర్ర సిరా పట్టుకునే మొహం నాకు లేదు.

తా.క. రెండు: విరించిపురంలో నాకు ఓట్లు లేవు. నువ్వు పని ముగించేదాకా ఆ ఊరి పొలిమేర తొక్కను. అక్కడి గుడిలో స్వామి దర్శనానికైనా రాను, ఒట్టు.