హక్కు నీరు

అమ్మీ చిలకమ్మా,

నీళ్లొచ్చాయే తల్లీ! మన కొండమీది ఊటనీరు ఇవాళ పొద్దున మన వీధి కొళాయిలోకి దూకింది. ఈ ముసలాడు తడిసి ముద్దయి గెంతాడంటే నమ్ము! మీ అమ్మ నవ్వింది, ఆ వెంటనే కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది.

ఆ ఊట మీద మన ఊరికి హక్కుందని ఆఫీసుల చుట్టూ తిరిగి నువ్వు పట్టా తెచ్చిన రోజు మీ మేనత్త ఎకసెక్కమాడింది. "అక్కు తాగితే దప్పిక తీరుతాదేటే?"

"ఇక తవ్వితే ఎవుడూ ఆపడత్తా. తవ్వడం మాత్రం మనమే తవ్వాల," అన్నావు నువ్వు.

నువ్వు గునపం పట్టకముందే జ్వరం నిన్ను తీసుకుపోయింది. పట్టా చూరులో, నీళ్లు కొండమీద ఉండిపోయాయి. ఈ వేసవిలో ముందుగా గునపం పట్టింది మీ మేనత్తే. ఇంటికొకరం వెళ్లి రాయి పగలగొట్టి, ఊట దగ్గర తొట్టి కట్టి, గొట్టాలు దించాం. నువ్వుంటే ఎంత బాగుండునని అనుకోని పూట లేదమ్మా.

మన నోళ్లకు 'హ' పలకదు కదా, ఊరంతా దాన్ని అక్కునీరు అంటోంది. నువ్వు పోయాక మాటలొచ్చిన మీ తమ్ముడి కూతురు మాత్రం గ్లాసు పట్టుకుని "అక్కనీరు! అక్కనీరు!" అని అరిచింది.

"అక్క కాదే గుంటా..." అంటూ మీ మేనత్త మధ్యలో ఆగిపోయింది. ఊళ్లో పిల్లలందరికీ నువ్వు అక్కవే కదా.

"దిద్దకు అప్పా," అన్నాను మా అప్పతో. "దాన్నలాగే అననీ."

మీ అయ్య