వసంత పళ్ళ మీది పసుపు చార

అక్కా,

నువ్వు పోయి అయిదేళ్ళయింది. నీ కూతురు వసంతకు పాలపళ్ళు ఊడి కొత్తవి వచ్చాయి. వాటి మీద పసుపు చార ఉంది. మురికేమోనని రోజూ ఉప్పు, బొగ్గు కలిపి చిగుళ్ళు మండేలా రుద్దాను.

నిన్న నెల్లూరులో పళ్ళ డాక్టరుగారు అడిగారు: "పసిబిడ్డప్పుడు జరానికి మందేమన్నా తాపినారామ్మా?"

దానికి రెండేళ్ళప్పుడు నువ్వు గడియారం చూసి తాపిన మందే! దాన్ని బతికించిన ఆ మందు, అప్పటికింకా చిగుళ్ళ లోపల తయారవుతున్న పళ్ళలో చేరిందట. రుద్దితే పోదట.

"అయితే అమ్మ తాపింది ఇంకా నా నోట్లోనే ఉండాదా పిన్నీ?"

"ఉండాది తల్లీ."

రోజూ నవ్వినప్పుడల్లా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే పిల్ల, తిరిగొచ్చేటప్పుడు బస్సులో కూర్చున్న ప్రతివాళ్ళకూ పళ్ళు చూపించింది.