కాగితం మీద లేని ప్రశ్న

కాలేజీ క్వార్టర్స్,
ఫిబ్రవరి 18, ఆదివారం.

చిరంజీవి అమ్మాయికి,

నాన్న దీవెనలతో రాసేది. ఇక్కడ నేను క్షేమం. నువ్వు క్షేమమేనని నీ ఉత్తరం మొదటి వాక్యంలోనే ఉంది కనుక ఆ మాట మళ్లీ అడగను. వంతెన పని దగ్గర ఎండకు టోపీ పెట్టుకుంటున్నావో లేదో మాత్రం రాయలేదు. రాయి.

భోజనం సంగతి అడిగావు. వండుకుంటున్నాను. తినేటట్టే ఉంటోంది. ఉప్పు ఒక్కటే ఇంకా చేతికి అలవాటు కాలేదు. ఒకరోజు రెండుసార్లు పడుతుంది, ఒకరోజు అసలు పడదు. కెమిస్ట్రీ ల్యాబులో మిల్లీగ్రాముల్లో తూచే మనిషికి ఇది చిన్నతనమే. పక్కింటి ఆవిడ ఒకసారి కూర రుచి చూసి, మాస్టారూ, మీ దగ్గర చదివి పిల్లలు ఎలా పాసవుతున్నారండీ అని అడిగింది.

ఇక అసలు సంగతి. ఈ ఏడు కాలేజీ మాటల పోటీలో నేను ఆడాను. నవ్వకు. నవ్వినా ఫరవాలేదు, నాకు వినపడదు.

నీకు తెలిసినవే మళ్లీ చెబుతాను. వరసగా చెబితే తప్ప నాకు రాయడం కుదరదు.

నోటీసు బోర్డు మీద ఎప్పటి నోటీసే పెట్టారు. విద్యార్థులు, ఉద్యోగులు, వాళ్ల ఇంటివాళ్లు ఎవరైనా ఆడవచ్చు. కింద చిన్న అక్షరాల్లో ఎప్పటి నిబంధనే: ప్రశ్నలు కూర్చేవారి కుటుంబ సభ్యులు అనర్హులు. మీ అమ్మ లైబ్రేరియన్‌గా ఉన్నన్నాళ్లూ ప్రశ్నలు తనే కూర్చింది. అన్నాళ్లూ ఆ చిన్న అక్షరాలు నా ఒక్కడి కోసమే అచ్చు వేయించినట్టుండేవి. ఈసారి వాటిని చదివి కొంచెంసేపు అక్కడే నిలబడ్డాను. నేను అర్హుణ్ణి.

ఎందుకు చేరావంటావు. తెలుసుకోవాలని. మీ అమ్మ కట్టిన పొడుపులు ముందు నీ మీద ప్రయోగించేది. నువ్వు వంటింటి గట్టు మీద కాళ్లూపుతూ కూర్చునేదానివి. నన్ను వరండాలోకి పంపేవారు. నేను ఆడేవాణ్ణి కాదు కదా, వింటే తప్పేమిటని ఒకసారి అడిగాను. మీ మొహం గాజు బీకరు, లోపల ఏ రంగుందో బయటికి కనబడిపోతుంది, పిల్లలు ల్యాబులో కాసేపు మీ ఎదురుగా నిలబడితే చాలు జవాబులన్నీ పట్టుకుపోతారు అంది. పైగా, మీరు గనక ఆడితే మొదటి రౌండులోనే ఇంటికొచ్చేస్తారు, వచ్చేటప్పుడు కూరగాయలు తెండి అంది.

అందుకని పెళ్లయిన ఇన్నేళ్లలో తను నన్ను ఒక్క పొడుపూ అడగలేదు. అన్నీ పోటీ గదిలో వెనక బెంచీలో కూర్చుని, పిల్లల్ని అడుగుతుంటేనే విన్నాను. కళ్లజోడు మీద కట్టినది నీకు గుర్తుండే ఉంటుంది. నన్ను వెతకాలంటే నేనే కావాలి, తొందరేం లేదు. ఏ పొడుపు కట్టినా చివర తొందరేం లేదు అనడం తన అలవాటు. పక్కన గడియారం టిక్కుటిక్కుమంటుంటే, ఆడేవాళ్ల నుదుట చెమట పడుతుంటే, తొందరేం లేదు. పిల్లలు పళ్లు నూరేవారు.

అడిగి ఉంటే ఒక్కదానికైనా చెప్పగలిగేవాణ్ణా అన్నది తేలకుండా ఉండిపోయింది. తను లేని పోటీలో ఆడితే అది తేలదని తెలుసు. దాని దరిదాపుల్లోదేదో తేలుతుందనుకున్నాను.

పోటీ ఎప్పటిలాగే లైబ్రరీ చదువుగదిలో. బల్లలు గోడలకు జరిపి, మధ్యలో ఒక్కొక్కరి ముందూ ఒక్కో చేతిగంట పెట్టారు. ప్రశ్నలు ఈసారి చిన్న లైబ్రేరియన్ కూర్చింది. మీ అమ్మ కింద పని నేర్చుకున్న అమ్మాయే. నడిపించింది ఫిజిక్సు ఆయన. ఆయనకు మైకు మాస్టారని పేరు. మైకు లేకుండానే గేటు దాకా వినిపిస్తాడు కనుక మైకు ఇచ్చి ఏం సాధిస్తున్నారో నాకు ఇప్పటికీ తెలియదు.

మొదటి రౌండులో ఒక పెద్ద మాట ఇచ్చి, అందులోని అక్షరాలతో చిన్న మాటలు కట్టమన్నారు. సగం మంది ఇంటికెళ్లారు. నేను వెళ్లలేదు. మీ అమ్మ జోస్యం తప్పింది. కూరగాయలూ తేలేదు.

రెండోది మాటల గొలుసు. ఒకరి మాట ఏ అక్షరంతో ఆగితే రెండోవారు దానితో ఎత్తుకోవాలి. నాకు ఎదురుపడింది లెక్కల్లో పరిశోధన చేస్తున్న అమ్మాయి. అందరూ బుల్లెట్ అంటారు. ప్రశ్న పూర్తి కాకముందే గంట కొడుతుంది. మాస్టారూ, మీరు గంట దాకా చెయ్యి చాపేలోపు నేను క్యాంటీన్లో టీ తాగి వచ్చేస్తాను అంది. నాకూ ఒకటి తెచ్చిపెట్టమన్నాను.

తను తలుపు అంటే నేను పుస్తకం అన్నాను. కంచం అంది. చందమామ అన్నాను. మరణం అంది. ణ అక్షరంతో మొదలయ్యే మాట లేదు కదా, నన్ను అక్కడ ఇరికించడానికి. అన్నాక నాలుక కరుచుకుంది. మైకు మాస్టారు కూడా గొంతు తగ్గించి, ణకు బదులు న తీసుకోవచ్చండీ అన్నాడు. నవ్వు అన్నాను. నాకు తట్టింది అదే. ఆ అమ్మాయి కంగారులో వంకాయ అని అరిచింది. అందరికీ ఊపిరాడింది.

ఆ రౌండులో మిగిలింది మేమిద్దరమే. ఆఖరిది పొడుపుల రౌండు. చిన్న లైబ్రేరియన్ పొడుపులు పాపం కొంచెం మెత్తన. నాలుగు కాళ్లుంటాయి, నడవదు అని చదివితే వెనక బెంచీలు గొల్లుమన్నాయి. బుల్లెట్ కుర్చీ అంది. కాదు, బల్ల అని చిన్న లైబ్రేరియన్ కాగితం చూసి చెప్పింది. రెండూ ఒప్పుకోవాలని పెద్ద రగడ. అలా అలా ఇద్దరికీ మార్కులు సమానమయ్యాయి.

సమానమైతే ఏం చేస్తారో నువ్వెప్పుడూ చూడలేదు. నేనూ చూడలేదు. అంతవరకూ ఎప్పుడూ రాలేదు. ఒక ఏడు ప్రశ్నల కాగితాలు ముందే బయటికి పొక్కాయి. అప్పటినుంచి మీ అమ్మ ఒక పద్ధతి పెట్టింది. సమానమైనప్పుడు అడిగే ప్రశ్న కాగితం మీద ఉండకూడదు. కూర్చినవాళ్లు దాన్ని ఇంకొక్కరికి నోటితో చెప్పి ఉంచాలి. అవసరం పడకపోతే దాన్ని మరచిపోవాలి. అలా మరచిపోయినవి ఎన్ని ఉన్నాయో.

చిన్న లైబ్రేరియన్ కాగితాలు బల్ల మీద పెట్టేసి ముందుకొచ్చింది. చేతులు ఖాళీ. కళ్లు నేల మీద. చిన్నపిల్ల పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది.

ఉన్ననాడు ఎవరూ నా ఊసెత్తరు. లేనినాడు ముందు అడిగేది నన్నే. తొందరేం లేదు.

ఆ చివరి మాటకు పాత ఉద్యోగులు కొందరు తలలెత్తారు. నేను ఎత్తనవసరం లేకపోయింది. క్రితం ఏడు పోటీ కోసం కట్టినది. ఆ పోటీ జరగలేదు. అప్పటికి మీ అమ్మ ఆస్పత్రిలో ఉంది.

బుల్లెట్ మొదటిసారి గంట కొట్టలేదు, ఆలోచిస్తోంది. నేను గంట మీద చెయ్యి వేసి, కొట్టకుండా, దాన్ని పక్కకు జరిపి లేచాను. ప్రశ్న మా ఇంటిది, నేను ఆడకూడదు అన్నాను.

మైకు మాస్టారు, ఆ రూలు ఇప్పుడెందుకండీ, కూర్చోండి అన్నాడు. రూలు ఇంకా బోర్డు మీద ఉందన్నాను. మాస్టారూ, మీరు వెళ్లిపోతే నేనొప్పుకోనంటూ బుల్లెట్ లేచింది. నువ్వు కూర్చో, గడియారం నడుస్తోందన్నాను. బయటికొచ్చేశాను.

వరండాలో మంచినీళ్ల కుళాయి దగ్గర నిలబడ్డాను. లోపల గంట మోగింది. ముందు చప్పట్లు, తర్వాత నవ్వు. పెద్ద నవ్వే. ఆ తర్వాత చిన్న లైబ్రేరియన్ పరిగెత్తుకొచ్చింది. ఏడుస్తోంది. నాదే తప్పండీ, ఇంకొకటి సొంతంగా కట్టి ఉంచుకోవాల్సింది, మేడమ్ చెప్పింది వృథా పోకూడదని ఇదే ఉంచాను, అయినా మీరు ఇంతదాకా వస్తారని ఎవరనుకున్నారండీ అంది. మా ఇంట్లోనూ ఎవరూ అనుకోలేదమ్మా అన్నాను. ఏడుస్తూనే నవ్వింది. ఏడాదికి పైగా నోట్లో పెట్టుకుని తిరిగాను, ఇప్పుడు నోరు ఖాళీగా ఉందండీ అంది. నీళ్లు తాగమన్నాను.

కప్పు బుల్లెట్‌కి వచ్చింది. పూలకుండీలా ఉంది. మర్నాడు దాన్ని ల్యాబుకు పట్టుకొచ్చి నా బల్ల మీద పెట్టింది. ఇందులో సగం మీది మాస్టారూ, మీకు జవాబు తెలుసని మీ మొహం చూస్తేనే తెలిసిపోయింది, అందరికీ తెలిసిపోయింది, చెప్పేస్తే నా పని అయిపోయేది అంది. మరణం అన్నందుకు క్షమించమంది. అది మంచి ఎత్తు, మళ్లీ అవకాశం వస్తే అదే వెయ్యమన్నాను. కప్పు తిరిగి తీసుకుపోలేదు. పిపెట్లు నిలబెట్టుకోవడానికి బాగానే ఉంది.

అప్పటినుంచి కాలేజీలో నన్ను చూస్తే అందరూ ఒక రకంగా నవ్వుతున్నారు. గౌరవంతోనే. క్యాంటీన్ ఆయనైతే రోజూ నేను కూర్చోగానే అడక్కుండా ఉప్పు డబ్బా తెచ్చి నా ముందు పెట్టి, కన్నుగీటి వెళుతున్నాడు. నాకు బీపీ ఉందని, ఉప్పు తగ్గించమన్నారని ఆయనకు తెలుసు. అయినా పెడుతున్నాడు. ఇదేం వేళాకోళమో అర్థం కావడం లేదు.

మీ అమ్మ మొక్కల్లో రెండు పోయాయి, మిగతావి బాగున్నాయి. నీ గది కిటికీ గొళ్లెం బాగుచేయించాను. వచ్చేనెల సెలవు దొరికితే రా. దొరక్కపోతే ఉత్తరం రాయి. టోపీ సంగతి మరచిపోకు.

ఉంటాను.

మీ నాన్న

తా.క. కవరు అంటించబోయి మళ్లీ తీశాను. ఒక సంగతి నీకు ఒక్కదానికే. నాకు జవాబు తెలియదు.

ఇప్పటికీ తెలియదు. రూలు కోసమే లేచాను, అది నిజం. జవాబు తెలిసి లేచానని వాళ్లనుకున్నారు, అది నిజం కాదు. గాజు బీకరు అని మీ అమ్మ ఎందుకందో గాని, తొలిసారి అందరూ తప్పు రంగు చూశారు. నాకు తెలుసనుకుని ఎవరూ చెప్పరు. తెలియదని చెప్పి అడగడానికి నాకు నోరు రాదు. ఈ కాలేజీలో ఆ జవాబు తెలియనిది నాకూ గేటు దగ్గర కుక్కకూ.

ప్రయత్నించాను. గాలి అనుకున్నాను. అది లేనినాడు అడగడానికి మనిషే ఉండడు. తాళంచెవి అనుకున్నాను. అది ఉన్ననాడూ అడుగుతూనే ఉంటాం. ఆ పొడుపు విన్నప్పుడు నాకు తట్టింది ఒక్కటే. అది జవాబు కాదని తెలుసు. మీ అమ్మ తన మీద తాను పొడుపు కట్టుకునే మనిషి కాదు. పైగా అందరూ నవ్వారు.

నువ్వు సెలవులకు వచ్చినప్పుడు, మీ అమ్మ ఆస్పత్రికి వెళ్లేముందు, మీరిద్దరూ వంటింట్లో ఉండగా నన్ను వరండాలోకి పంపారు. కొంచెంసేపటికి నీ నవ్వు, వెనకాలే తన నవ్వు వినిపించాయి. పోటీనాడు లోపలినుంచి విన్నదీ ఆ నవ్వులాంటిదే. అది ఈ పొడుపుకే అయితే జవాబు నీకు తెలుసు.

రాయకు. తను నన్ను అడిగింది ఇదొక్కటే. నేనే కనుక్కుంటాను.

తొందరేం లేదు.