ఎడమ పెడల్ మీద అర ఇంచు

నవంబర్ 3, సోమవారం

దించేశాను. నలభై ఏళ్లుగా దూలానికి వేలాడుతున్న మా బాపు రేస్ సైకిల్ ఇవాళ నేల మీద ఉంది. చేతులంతా బూజు, జిడ్డు. డాక్టర్ షుగర్ రిపోర్టు చూసి నడవమన్నాడు. నడిస్తే మోకాలు నొప్పి. అయితే సైకిల్ తొక్కండి అన్నాడు. ఇంట్లో ఒకటి ఉండగా కొత్తది ఎందుకు?

బాపు అరుగు మీద కూర్చుని చూస్తున్నాడు. "గది నీకు చిన్నగైతది." అంతే, ఇంకో మాట లేదు.

పన్నెండేళ్లప్పుడు అడిగితే "నీకు పెద్దగైతది". కాలేజీకి పోయేటప్పుడు అడిగితే "చిన్నగైతది". మధ్యలో సరిపోయిన సంవత్సరం ఏదో ఆయనకే తెలియాలి. తను తొక్కలేదు, నన్ను ముట్టుకోనివ్వలేదు, ఎవరికీ అమ్మేయనూ లేదు. పిసినారితనం అంటే ఇదే అని చిన్నప్పుడే తీర్మానించుకున్నాను.

నవంబర్ 4

బస్టాండ్ వెనక శంకరప్ప సైకిల్ దుకాణం. కొత్త టైర్లు, ట్యూబులు, బ్రేకు తీగలు. "సారూ, గిసుంటి ఫ్రేమ్ ఇప్పుడు దొరుకది. అసలు ఉక్కు. కొడితే గంట లెక్క మోగుతది." పానాతో కొట్టి చూపించాడు కూడా. నిజంగానే మోగింది!

నవంబర్ 5

తొక్కాను. చిన్నదే — బాపు మాటే నెగ్గింది. బాపు పొట్టి, నేను మేనమామ పోలిక. మోకాళ్లు ఛాతీ దాకా వస్తున్నాయి. కల్హేర్ రోడ్డు మీద ఆటోవాళ్లు హారన్ కొట్టి మరీ నవ్వారు. సర్కస్ ఎలుగుబంటిలా ఉన్నానేమో. నవ్వనీ.

వదలను. పదిమంది భూములు కొలిచి హద్దురాళ్లు పాతించేవాణ్ణి, ఒక సైకిల్‌ని నా కొలతకు తెచ్చుకోలేనా?

నవంబర్ 6

సీటు పైపు రానంటోంది. కిరోసిన్ పోశాం, సుత్తితో తట్టాం, శంకరప్ప కన్నడలో తిట్టాడు. సాయంత్రం కీచుమంటూ వచ్చింది. పైపు మీద ఒక గీత... దాన్ని దాటి పైకి లాగితే పైపు విరుగుతుందట. ఆ గీత దాకా లాగినా నాకు చాలదు. పొడుగు పైపు వెతికి తెస్తానన్నాడు.

నవంబర్ 8, శనివారం

పొడుగు పైపు దొరికింది. సీటు నాలుగు వేళ్లు లేచింది, కాస్త వెనక్కి కూడా జరిపాడు. హ్యాండిల్ మెడ కూడా మార్చాడు, ఇప్పుడు అంతగా వంగక్కర్లేదు. కుడి కాలు హాయిగా చాపుకుంటోంది, కుడి మోకాలు నొప్పి లేదు. ఎడమ వైపే ఏదో తేడా. పెడల్ కిందికి వెళ్లినప్పుడు మడమ జారిపోతోంది.

శంకరప్ప వెనక నుంచి చూసి — "సారూ, మీరు సీటు మీద ఊగుతుండ్రు. ఎడమ దిక్కు అందుతలేదు."

"నీ ఫ్రేమే వంకర," అన్నాను.

ముఖం ముడుచుకున్నాడు. "ఫ్రేమ్‌ను అనకుండ్రి. కొలుసుకోండ్రి, మీ పనే గది గదా."

నవంబర్ 9, ఆదివారం

కొలిచాను. తూకం గుండు వేలాడదీశాను, స్టీలు టేపు పట్టాను. రెండు పెడళ్లూ కొలిచాను, క్రాంకులూ కొలిచాను. వెంట్రుకవాసి తేడా లేదు. సైకిల్ తిన్నగానే ఉంది.

మరి?

నవంబర్ 10

రాసేస్తే నయం.

ప్యాంటు అంచు చెయిన్‌లో పడుతోందని, కింద బిగువు చేయించుకుందామని ఖాదర్ మాస్టర్ దగ్గరికి పోయాను. నాకు లాగు కుట్టిన రోజు నుంచీ ఆయనే నా దర్జీ. ప్రతి దసరాకి బాపు నా చెయ్యి పట్టుకుని అక్కడికే తీసుకుపోయేవాడు. రెడీమేడ్ అడిగితే "ఒద్దు, కుట్టు నిలువది" అనేవాడు. ఈ రోజుదాకా రెడీమేడ్ ప్యాంటు తొడగలేదు.

మాస్టర్ సుద్దతో గీత గీస్తూ — "ఎడమది అర ఇంచు కమ్ వెడుతున్న. ఎప్పటి లెక్కనే."

"ఏంది ఎప్పటి లెక్క?"

సుద్ద ఆగిపోయింది. కళ్లద్దాలు తీశాడు. నా ముఖం చూశాడు, నాలుక కరుచుకున్నాడు. "మీ అమ్మ పోయినంక... బాపు చెప్పే ఉంటడనుకున్న బేటా."

ఏం చెప్పాలి? దేని గురించి చెప్పాలి? ఎంత గుచ్చినా ఒకటే మాట — "అమ్మ నాతోని ఒట్టు వెట్టించుకుంది. ఇగ నన్ను అడగకు. బాపును అడుగు."

నలభై ఏళ్లుగా నా ప్యాంట్లన్నీ ఒక కాలు పొట్టి! బజారు మధ్యలో నిలబడి నా కాళ్ల వైపు చూసుకున్నాను. అవి ఎవరివో అనిపించాయి. ఎవరో "ఏంది సారూ, పైసలు పోగొట్టుకున్నవా" అని అడిగారు. ఏం చెప్పానో గుర్తు లేదు.

అదే రోజు, ఇంటికొచ్చాక

బండల మీద వెల్లకిలా పడుకున్నాను. నా భార్య సుజాత టేపు పట్టింది. తుంటి ఎముక నుంచి చీలమండ దాకా. భూమి అయితే రెండుసార్లు కొలుస్తాను, నన్ను మూడుసార్లు కొలిపించుకున్నాను. ఎడమది అర ఇంచు తక్కువ. మూడుసార్లూ అంతే.

దీపం కింద చీకటి అంటే ఇదే. నాగల్‌గిద్ద నుంచి సిర్గాపూర్ దాకా ఎవరి గట్టు ఎవరి చేలోకి ఎంత జరిగిందో చెప్పే మనిషిని. నలభై నాలుగేళ్లు నా మీద నేనే నిలబడి, తెలుసుకోలేదు.

సుజాత టేపు చుట్టేస్తూ తాపీగా — "పెండ్లిల్లనే చూసిన. ఫొటోలకు ఎడమ దిక్కు ఒరిగి నిలబడుతరు గదా. స్టైల్ అనుకున్న."

స్టైల్!

నవంబర్ 11

అడిగేశాను. బాపు పొద్దున టీలో రొట్టె ముంచుకుంటున్నాడు.

"నా ఎడమ కాలుకు ఏమైంది?"

రొట్టె ముక్క టీలో పడిపోయింది. తీయలేదు.

"ఎవలు చెప్పిండ్రు? ఖాదర్ గాడేనా?"

"ఏమైందో చెప్పు ముందు."

లేచాడు. చేతికర్ర తీసుకున్నాడు. వెళ్లిపోయాడు. డెబ్బై ఆరేళ్ల మనిషి, తేలు కుట్టిన దొంగలా. టీ గ్లాసు అలాగే ఉంది, రొట్టె అందులో ఉబ్బుతూ.

పోలియోనా? పుట్టుకతోనా? నా పిల్లలకు కూడా...?

నవంబర్ 12

ఒక్కొక్కటే గుర్తొస్తోంది. చదువుకునే రోజుల్లో నా చెప్పులు కూడా బాపే తెచ్చేవాడు. నన్ను దుకాణానికి తీసుకుపోయేవాడు కాదు. చెప్పులు కుట్టే మనిషి దగ్గర కూర్చుని, ఏదో చేయించి మరీ తెచ్చేవాడు. ఇందాక అటక ఎక్కి పాత పెట్టె తెరిచాను. కాలేజీ నాటి బూట్లు. ఎడమ దాని లోపల వేలు పెట్టాను — మడమ కింద రెండు పొరల తోలు. కుడి దానిలో లేదు.

కానిస్టేబుల్ సెలక్షన్ పరుగు. ఇరవై ఒకటి నాకు. ట్యూషన్లు చెప్పిన డబ్బుతో మొదటిసారి నా అంతట నేను బూట్లు కొనుక్కున్నాను. బాపు ఆ పొద్దున గుమ్మంలో అడ్డం నిలబడ్డాడు. "గా కొత్తయి ఒద్దురా. పాతయే తొడుక్కో." పిసినారి అనుకున్నాను. తోసుకుని పోయాను. సగం దూరంలో తుంటిలో కత్తి దిగినట్టు అయింది. కూలబడ్డాను. సెలక్షన్ పోయింది.

ఇంటికొస్తే ఏమన్నాడు? "ఒళ్లు వంచలే, గందుకే." అంటే, తెలిసీ! తెలిసి కూడా ఆ మాట అన్నాడు. ఇరవై మూడేళ్లుగా నేను బద్ధకస్తుణ్ణని నేనే నమ్ముతున్నాను. ఆ రోజు నుంచీ నా బూట్లు నేనే కొనుక్కుంటున్నాను. మోకాలు నొప్పి కూడా అప్పటి నుంచే.

అన్నం సయించలేదు. ఆ మనిషి ముఖం చూడబుద్ధి కాలేదు.

నవంబర్ 13

మాట్లాడుకోవడం లేదు. సుజాత అటు ఒక పళ్లెం, ఇటు ఒక పళ్లెం పెడుతోంది.

నవంబర్ 14

శంకరప్పకు చెప్పేశాను. ఎవరికో ఒకరికి చెప్పాలి కదా. ఆశ్చర్యపోతాడనుకున్నాను. "హౌదా, అవునా?" అన్నాడు, పాత టైరు ముక్క తీసుకున్నాడు, అర ఇంచు మందం చూసి కోశాడు, ఎడమ పెడల్‌కు బిగించాడు. "ఇగ తొక్కుండ్రి."

తొక్కాను. ఊగడం లేదు. కాలు కింది దాకా వెళ్లి వస్తోంది, మడమ నిలుస్తోంది. నొప్పి లేదు... రోడ్డు పక్కన ఆపి ఏడ్చాను. కంది చేలో కూలీలు చూశారు. టైరు ముక్కతో అయిపోయే దానికా ఇన్నేళ్లు?

నవంబర్ 15, శనివారం

ముందు చక్రం కొంచెం కొట్టుకుంటోందని మళ్లీ దుకాణానికి. శంకరప్ప చక్రం ఊడదీసి తిప్పి చూశాడు. "మూడు స్పోకులు వేరే ఉన్నయి సారూ. తర్వాత ఏసినయి. ఏదో ఇరుక్కొని తెగినట్టుంది." ఆ మూడూ తీసి నేల మీద పడేశాడు.

"పారెయ్యకు."

బాపు. ఎప్పుడు వచ్చాడో. కర్ర పట్టుకుని, ఎండలో నడిచి వచ్చాడు. ఆ మూడు స్పోకుల్నే చూస్తున్నాడు, నన్ను కాదు.

శంకరప్ప స్టూలు వేశాడు. కూర్చోలేదు.

"నీకు మూడేండ్లు. ముందటి రాడ్డుకు తువ్వాల సుట్టి కూసోబెట్టుకున్న. కల్హేర్ అంగడి నుంచి వస్తున్నం. నువ్వు నిద్రవోయినవ్... నేను సూసుకోలే. కాలు చక్రంల వడ్డది."

నేనూ ఆ స్పోకుల వైపే చూశాను.

"కట్టు కట్టేటాయన అతికిచ్చిండు. బొక్క అతికింది గానీ కురచైంది. మీ అమ్మ అన్నది, పోరనికి చెప్పొద్దు, చెప్తే నిజంగనే కుంటుతడు అని. తెలువకుంటే తిన్నగ నడుస్తడు అని. నడిచినవ్ గదా?"

నడిచాను. నడిచాను నిజమే.

"మరి ఆ రోజు? పరుగు రోజు? ఒళ్లు వంచలే అన్నవ్ గదా బాపూ."

శంకరప్ప లోపలికి వెళ్లి ఏదో వెతుకుతున్నట్టు నటించాడు.

"అమ్మ పక్కకే ఉండె. ఇంకేమనాలె?" తర్వాత గొంతు తగ్గించి — "ఇంట్ల అందరి లోపట బద్ధకం నాదే. గా అంగడి దినం సైకిల్ దిగి నాలుగడుగులు ఎక్కువ నడిస్తే అయిపోతుండె."

వంగాడు. మూడు స్పోకులూ ఏరుకున్నాడు. జేబులో పెట్టుకుంటే బయటికి పొడుచుకొచ్చాయి. ఆటో ఎక్కిస్తానన్నా వినలేదు. నడుచుకుంటూ పోయాడు.

నవంబర్ 16, ఆదివారం

నిద్ర లేదు. కోపం ఎక్కడికీ పోలేదు, ఇక్కడే ఉంది. కానీ నిన్నటిదాకా అది పిసినారి బాపు మీద. ఆ బాపు ఇప్పుడు లేడు. సైకిల్‌ని దూలానికి ఎక్కించింది నాకు అందకుండా అనుకున్నాను. తనకే అందకుండా కట్టుకున్నాడు.

అయినా — "ఒళ్లు వంచలే" అన్నాడు. అన్నాడు కదా. అది ఎలా మింగాలి?

నవంబర్ 17

పొద్దున్నే. కల్హేర్ దాకా పోయి రావాలని లేచాను. కొత్త స్పోకులు వేయించిన సైకిల్ గుమ్మం ముందు సిద్ధంగా ఉంది, ఎవరో తుడిచి పెట్టారు. ముందటి రాడ్డు కూడా మెరుస్తోంది. పక్కన నా బూట్లు. ఎడమది బరువుగా అనిపించి లోపలికి చూశాను. మడమ కింద కొత్త తోలు. అంచులు వంకర, జిగురు ఇంకా తడిగానే ఉంది, ఒక చోట వేలిముద్ర కూడా పడింది. చెప్పులు కుట్టే మనిషి పని కాదు.

కుడి బూటు తొడుక్కున్నాను. ఎడమది చేతిలో ఉంది.

తలుపు వెనక బాపు దగ్గు ఆపుకుంటున్నాడు... నాకు వినిపిస్తోంది.